మీదికొచ్చే పుంజును ఉంచుకోవాలా, ఇచ్చెయ్యాలా? బెంగళూరులో ఇంటి కోళ్లు పెంచేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

హొరమావు, కె.ఆర్.పురం, వర్తూరు, యెలహంక వైపు ఇంటి వెనక నాలుగైదు నాటుకోళ్లు పెంచుకునే తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఆ గుంపులోని పుంజు మనుషుల మీదికి రావడం మొదలుపెట్టగానే ఇంట్లో కోసేద్దామనేవారు ఒక పక్షం, పాపం అనేవారు మరో పక్షం అవుతారు. కోపాన్నీ జాలినీ కాసేపు పక్కన పెట్టి, ఎవరికి దెబ్బ తగిలే అవకాశం ఉంది, దాన్ని మనం ఎంతవరకు ఆపగలం అన్న లెక్క ముందు వేసుకోవాలన్నది ఈ జవాబులన్నిటికీ ఆధారమైన అభిప్రాయం.

మా పుంజు నిజంగా దాడి చేస్తోందా, పెట్టలకు కాపలా కాస్తోందా? తేడా ఎలా తెలుస్తుంది?

మీరు పెట్టను పట్టుకున్నప్పుడు అది బెదిరి అరిస్తే, పుంజు పరుగెత్తుకొచ్చి మీ కాలిని పొడిస్తే, దాన్ని దాడిగా లెక్కపెట్టనవసరం లేదు. గద్ద నీడ పడినప్పుడూ పిల్లి గోడెక్కినప్పుడూ చేసే పనినే అది మీ విషయంలోనూ చేసింది. పెట్టను వదలగానే తగ్గిపోయే పుంజుతో పెద్దగా ఇబ్బంది ఉండదు.

రెండో రకం వేరు. మీరు తొట్టిలో నీళ్లు పోసి వెనక్కి తిరుగుతారు. పుంజు ఒక రెక్కను నేలకు ఆనేంత కిందికి దించి, ఆ రెక్క ఈకల మీద కాలి గోళ్లు గీరుకుంటూ గరగరమనేలా, మీ చుట్టూ పక్కపక్కకు అడుగులు వేస్తుంది. ఇదే నాట్యం పెట్ట ముందు చేస్తే సరసం. మనిషి ముందు చేస్తే హెచ్చరిక. తరువాత తల వంచుతుంది, మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి, నేల మీద గింజ లేకపోయినా ఏరుతున్నట్లు ముక్కుతో రెండు మూడు సార్లు కొడుతుంది. అక్కడి నుంచి రెండు కాళ్లూ ముందుకు చాచి ఎగిరి తన్నడానికి క్షణం చాలు. మీరు తప్పుకుని వెళ్లిపోతున్నా వెంటపడే పుంజు, ముఖ్యంగా వెనక నుంచి తన్నే పుంజు గురించే కింది జవాబులన్నీ.

చిన్నప్పుడు చేతిలో నూకలు తిన్న పిల్ల ఇలా ఎందుకు మారింది?

సాధారణంగా 4 నుంచి 6 నెలల వయసులో పుంజుపిల్లలో మగ హార్మోను పెరుగుతుంది. కూత మొదలవుతుంది, పెట్టలను తొక్కడం మొదలవుతుంది, తన స్థానం ఏమిటో తేల్చుకోవాలన్న తపన కూడా అప్పుడే మొదలవుతుంది. చేతుల్లో పెరిగిన పుంజుకు మనిషంటే భయం ఉండదు కాబట్టి అది మనల్ని తన గుంపులోని మరో పుంజుగానే చూస్తుంది, తోటి పుంజుతో తేల్చుకోవలసిన లెక్కను మనతో తేల్చుకోవాలని చూస్తుంది. ముద్దుగా పెంచిన పుంజే ఎక్కువగా మీదికి వస్తుందని పల్లెల్లో పెద్దవాళ్లు అనే మాటలో నిజం ఉంది.

అసలు చాలా ఇళ్లలోకి పుంజు ఎలా వచ్చిందన్నది కూడా చూడాలి. పిల్లలు ముచ్చటపడ్డారని వీధిలో కొన్న రంగులద్దిన కోడిపిల్లల్లో ఎక్కువ భాగం మగవే; గుడ్ల కోళ్ల హేచరీలకు పనికిరాని మగపిల్లలను అలా చవకగా అమ్మేస్తారు. బతికి పెద్దదైనది పుంజయితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఏడాది, రెండేళ్లు శాంతంగా ఉన్న పుంజు హఠాత్తుగా మారితే మాత్రం హార్మోను మీదకు నెట్టకండి. అరికాలిలో పుండు, ఈకల్లో పేలు, కంటి మీదికి వాలిన తురాయి వల్ల సరిగా కనబడకపోవడం వంటి కారణాలు ముందు వెతకాలి. నొప్పితో ఉన్న పుంజును వేరే ఇంటికి పంపితే ఆ నొప్పి కూడా దానితో పాటే వెళ్తుంది.

జాతిని బట్టి ఈ గుణం మారుతుందా?

కొంత మారుతుంది, కానీ జనం అనుకునే తీరులో కాదు. పందెం జాతి అయిన అసీల్ పుంజు ఇంకో పుంజు కనబడితే ఆగదు. మనిషి చేతిలో మాత్రం సాధారణంగా నిదానంగానే ఉంటుంది, ఎందుకంటే మనుషులు చేత్తో పట్టుకుని తర్ఫీదు ఇవ్వడానికి వీలుగా ఉన్న వాటినే తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. హెబ్బాళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రూపొందిన గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగర్ నుంచి వచ్చిన వనరాజా వంటి పెరటి రకాల పుంజులు ఒళ్లు బరువుగా ఉండటం వల్ల తక్కువ ఎగురుతాయి. అయితే తగిలితే దెబ్బ గట్టిగానే ఉంటుంది. ఒకే పొదుగులో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకటి సాధువుగా, మరొకటి దుడుకుగా ఉండటం మామూలే. కాబట్టి జాతి పేరు చూసి కాక, మీ ముందున్న పుంజును చూసి నిర్ణయించండి.

ఇంట్లో చిన్న పిల్లలున్నారు. కొంతకాలం వేచి చూడవచ్చా?

వద్దు. ఈ ఒక్క ప్రశ్నకు మెత్తటి జవాబు ఇవ్వడం సాధ్యం కాదు.

పెద్దవారికి పిక్క మీద తగిలే దెబ్బ మూడేళ్ల పిల్లకు ముఖం మీద తగులుతుంది. పిల్లలు చతికిలబడి కూర్చుని గుడ్లు వెతుకుతారు, భయపడితే పరుగెత్తుతారు. పరుగెత్తేదాన్ని తరమడం పుంజు స్వభావం. కంటికి తగిలిన ముక్కు దెబ్బను గానీ కాలి ముల్లు దెబ్బను గానీ మనం వెనక్కి తీసుకోలేం. అందుకని అయిదారేళ్ల లోపు పిల్లలు పెరట్లో తిరిగే ఇంట్లో, పుంజు మనిషి మీదికి వచ్చిన మొదటి రోజే దాన్ని జాలీ ఉన్న వేరే గూట్లోకి మార్చాలి; ఇవ్వాలా వద్దా అన్న ఆలోచన ఆ తరువాత తీరిగ్గా చేసుకోవచ్చు. మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, నడకలో తూలే పెద్దలు ఇంట్లో ఉన్నా ఇదే నియమం. పుంజు గాయం చిన్నదే కావచ్చు, దాన్నుంచి తప్పించుకోబోయి మెట్ల మీద పడటం చిన్నది కాదు.

పెద్దవాళ్లమే ఉన్నాం. మార్చడానికి ప్రయత్నించాలంటే ఏం చేయాలి, ఎంతకాలం చేయాలి?

ఏడాది లోపు వయసు పుంజు అయితే ఒకటి రెండు నెలలు ఓపిక పట్టడంలో అర్థం ఉంది. పడుచుతనపు ఉద్రేకం తగ్గాక కొన్ని కుదురుకుంటాయి. రెండేళ్లు దాటి, ఎగిరి తన్నడం అలవాటుగా మారిన పుంజు పూర్తిగా మారుతుందని ఆశ పెట్టుకోకండి.

పద్ధతి కష్టమైనది కాదు, కానీ ఇంట్లో అందరూ ఒకేలా పాటించాలి. పుంజు ఎదురుపడితే పరుగెత్తవద్దు, వెన్ను చూపవద్దు. దాని వైపు తిరిగి నిలబడి, అది పక్కకు చూసేదాకా ఆగి, అప్పుడు నెమ్మదిగా మీ పని చూసుకోండి. చేతిలో పెద్ద ప్లాస్టిక్ బుట్ట మూత ఒకటి ఉంచుకుని మోకాళ్లకు అడ్డం పెట్టుకుంటే తన్నుడు మూతకు తగులుతుంది, పుంజుకు ఫలితం దక్కదు. చేత్తో మేత పెట్టడం పూర్తిగా మానేసి, నేల మీద చల్లండి. సాయంత్రం గూట్లో అడ్డకర్ర మీదికి ఎక్కాక దాన్ని మెల్లగా తీసుకుని, రెక్కలు కదలకుండా చంకలో పెట్టుకుని పది నిమిషాలు అటూ ఇటూ నడవడం పడుచు పుంజుల విషయంలో బాగా పనిచేస్తుంది. ఛాతీని మాత్రం నొక్కకూడదు: కోడికి మనలాగా ఊపిరితిత్తుల కింద పొర లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. నేలకు అదిమి పెట్టి లొంగదీయమని కొందరు ఇచ్చే సలహా ఈ కారణం వల్లే ప్రమాదకరం.

క్యాలెండరు మీద దాడి జరిగిన రోజుకు ఒక చుక్క పెట్టుకోండి. నెల తిరిగేసరికి చుక్కలు తగ్గకపోతే ఇంకో నెల ప్రయత్నిస్తే తగ్గుతాయనుకోవడం మీ మీద మీకున్న నమ్మకమే తప్ప, పుంజు ఇచ్చిన సూచన ఏదీ కాదు.

కొడితే బుద్ధి వస్తుందా?

రాదు. చీపురుతో కొట్టిన మనిషిని పుంజు పోటీదారుగా ఖాయం చేసుకుంటుంది, మరుసటి రోజు చీపురు కనబడగానే ముందే ఎగురుతుంది.

కాలి ముళ్లు కోయిస్తే సరిపోతుందా?

గాయం తీవ్రత తగ్గుతుంది, దాడి తగ్గదు. ముల్లు పైన గోరులాంటి తొడుగు ఉన్నా లోపల ఎముక, రక్తనాళం ఉంటాయి. కొనను మాత్రమే ఆకురాయితో మొద్దు చేయవచ్చు, మొదలంటా కోస్తే రక్తం కారుతుంది. చేతకాకపోతే హెబ్బాళ పశువైద్య కళాశాల ఆస్పత్రికి గానీ దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు గానీ తీసుకెళ్లండి. పుంజును ఇచ్చేయాలని నిర్ణయించుకున్నా, ఇచ్చే ముందు ముళ్లు మొద్దు చేయించడం తీసుకునేవారికి మీరు చేయగల మేలు.

కుక్కలకు చేసినట్లు ఆపరేషన్ చేయించవచ్చా?

పుంజు వృషణాలు కడుపు లోపల, వెన్నుకు దగ్గరగా, మూత్రపిండాల పక్కన ఉంటాయి. పెద్దయిన పుంజుకు ఆ శస్త్రచికిత్స ప్రాణాపాయం. ఆ దారి గురించి ఆలోచించకపోవడమే మంచిది.

మనుషుల జోలికి రాదు కానీ పెట్టల వీపులు బోసిపోతున్నాయి. ఇది కూడా ఇచ్చేయడానికి కారణమేనా?

ముందు లెక్క చూడండి. ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలు ఉంటే భారం పంచుకుంటాయి. 30×40 అడుగుల సైటులో ఇల్లు కట్టగా మిగిలిన సందులో మూడు పెట్టలు, ఒక పుంజు ఉంటే, పుంజు ఎంత సాధువైనా ఆ మూడింటి వీపులు, తల వెనక భాగం ఈకలు రాలి ఎర్రబడతాయి. రెండు పుంజులు ఉంటే పెట్టలకు ఇంకా నరకం. పెట్ట రెక్క కింద, పక్కల దగ్గర ఈకలు తొలగించి చూడండి: పుంజు గోళ్లు దిగిన గాయాలు పైకి కనబడకుండా అక్కడే ఉంటాయి, ఈగలు ముసిరితే రెండు రోజుల్లో పురుగు పడుతుంది.

చోటు లేక, పెట్టల సంఖ్య పెంచలేని ఇంట్లో పుంజును వేరే చోటికి పంపడం న్యాయమైన నిర్ణయమే. నిజానికి ఇలాంటి పుంజుకే మంచి చోటు దొరకడం తేలిక, ఎందుకంటే ఇరవై పెట్టలున్న తోటలో దాని గుణం లోపంగా కనబడదు.

పెట్టల ఈకలు ఎప్పుడు వస్తాయని అడుగుతారు. మొదలంటా ఊడిన చోట కొన్ని వారాల్లో వస్తాయి. కాడ సగంలో విరిగిన చోట మాత్రం తరువాతి ఈక మార్పు దాకా ఆగాలి.

పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెడతాయా?

పెడతాయి. ఆ గుడ్లను పొదిగిస్తే పిల్లలు రావు, అంతే.

పక్కింటివారు కూత గురించి గొడవ చేస్తున్నారు. దాన్నీ ఈ లెక్కలో కలపాలా?

కలపవద్దు, రెండూ వేర్వేరు సమస్యలు. కూత పుంజు ఒంట్లోని గడియారం ప్రకారం పొద్దుపొడుపుకు ముందే మొదలవుతుంది, దాన్ని నేర్పు వల్ల మాన్పించలేం. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. నాలుగున్నరకు కూసే పుంజుకు ఆ సంగతి తెలియదు కాబట్టి, తెలిసిన మనం గూటిని పక్కింటి పడకగదికి దూరంగా జరిపి, లోపల చీకటిగా ఉంచి, ఆరు దాటాక తలుపు తీయాలి. గాలి మాత్రం ఆడాలి. కూత ఆపడానికి మెడకు పట్టీలు కట్టడం ఊపిరాడక చచ్చిపోయే పద్ధతి, ఆ జోలికి పోకండి.

పుంజు తన్నిన గాయానికి ఏం చేయాలి?

సబ్బుతో, ధారగా పారే నీటితో కొన్ని నిమిషాల పాటు కడగాలి. ముల్లు దిగిన గాయం పైకి చిన్న రంధ్రంలా కనబడినా లోతుగా ఉంటుంది, దాని మీద మట్టి, రెట్ట ఉంటాయి. ధనుర్వాతం టీకా వేయించుకుని అయిదేళ్లు దాటితే అదే రోజు డాక్టరును కలవండి. కోళ్ల వల్ల రేబిస్ రాదు, ఆ భయం అక్కర్లేదు. కంటి దగ్గర తగిలితే, నొప్పి లేకపోయినా సరే, కంటి ఆస్పత్రికి వెళ్లాలి.

మా ఇంటి మనుషులను ఏమీ అనదు, బయటివారినే తన్నుతుంది. అదీ సమస్యేనా?

సమస్యే. పొట్టి చీపురుతో పెరడు ఊడ్చే పనామె నడుము వంచి ఉంటుంది, ఆమె ముఖం పుంజు ఎగిరే ఎత్తులోనే ఉంటుంది. చెత్త తీసుకెళ్లే పౌరకార్మికులు, గ్యాస్ సిలిండరు తెచ్చే అబ్బాయి చేతుల నిండా బరువుతో వస్తారు, అడ్డం పెట్టుకోవడానికి చేయి ఖాళీ ఉండదు. మీ పుంజు స్వభావం వాళ్లు ఎంచుకున్నది కాదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల తీవ్రమైన గాయం అయ్యే ప్రమాదం ఉందని తెలిసీ తగిన జాగ్రత్త తీసుకోనివారికి 6 నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. పుంజు విషయంలో ఆ దాకా వెళ్లడం అరుదే కావచ్చు. కన్ను పోతే మాత్రం అది తీవ్రమైన గాయమే.

గేటుకూ పెరటికీ మధ్య చిలుకు వేసే ఒక జాలీ తలుపు పెట్టించగలిగితే, ఇలాంటి పుంజును ఉంచుకోవచ్చు. తలుపు పెట్టించి, వేయడం మరచిపోయే ఇల్లయితే ఉంచుకోకూడదు.

ఇచ్చేయాలని నిర్ణయించాం. ఎలాంటి చోటు వెతకాలి?

ముందు మీ బంధువులనే అడగండి. చింతామణి, ములబాగిలు, బాగేపల్లి, హిందూపురం, మదనపల్లె వైపు బెంగళూరు తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంకా ఇల్లో పొలమో ఉంది. పరిచయం ఉన్నచోట తరువాత ఎలా ఉందని అడిగి తెలుసుకోవచ్చు. జంతు సంరక్షణ కేంద్రాలను అడగడం తప్పు కాదు, కానీ వాటికి కుక్కలు, పిల్లులు, గాయపడిన పశువులతోనే చోటు చాలదు. దుడుకు పుంజును తీసుకోవడం వాటికి కష్టం.

చోటు మంచిదో కాదో తేల్చేది విస్తీర్ణం ఒక్కటే కాదు. అక్కడ పిల్లలున్నారా అన్నది మొదటి ప్రశ్న. మీ ఇంట్లో పిల్లలున్నారని ఇచ్చేస్తూ, పిల్లలున్న ఇంకో ఇంటికి ఇవ్వడం సమస్యను చేతులు మార్చడమే. అక్కడ ఇప్పటికే పుంజు ఉంటే రెండూ చచ్చేదాకా కొట్టుకోవచ్చు, విడిగా ఉంచే ఏర్పాటు ఉందా అని అడగాలి. రాత్రి గూట్లో పెడతారా, చెట్టు మీదే వదిలేస్తారా? నగరంలో పెరిగిన పుంజుకు ముంగిస, అడవిపిల్లి, పొలం కుక్కలు కొత్త. మామిడి తోటలో పది పన్నెండు పెట్టలు తిరుగుతూ, మేత వేసేది పెద్దవాళ్లే అయి, రాత్రి తలుపు మూసే గూడు ఉన్న చోటు దొరికితే, అంతకన్నా మంచిది దొరుకుతుందని ఆగకండి.

పందేలవారి చేతికి పోకుండా ఎలా జాగ్రత్తపడాలి?

అమ్మకాల యాప్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో "బాగా కోపం ఉన్న పుంజు, ఉచితంగా ఇస్తాం" అని రాస్తే మొదటి ఫోను దాదాపు ఎప్పుడూ పందేలవారి నుంచే వస్తుంది. మీరు లోపమని చెప్పుకుంటున్నది వారికి గుణం.

ఫోనులో అడిగే ప్రశ్నలే మనిషిని పట్టిస్తాయి. కోళ్లు పెంచుకునేవారు ఎన్ని నెలలది, టీకాలు వేశారా, పెట్టలతో ఎలా ఉంటుంది అని అడుగుతారు. పందెగాడు రంగు అడుగుతాడు: డేగా, కాకా, నెమలా, సేతువా అని. తరువాత బరువు, కాళ్ల పొడవు, ఇంకో పుంజుతో ఎప్పుడైనా తలపడిందా అన్న ఆరా, వీడియో పంపమన్న అభ్యర్థన వస్తాయి. పెట్టల గురించి ఒక్క మాటా ఉండదు. రంగుల పేర్లు తెలిసినవారందరూ పందెగాళ్లు కారు, గోదావరి జిల్లాల్లో పుట్టినవారికి ఆ పేర్లు అమ్మభాషలో భాగం. మొత్తం సంభాషణ ఎటు పోతోందో చూడాలి.

సంక్రాంతికి ముందు రెండు మూడు నెలలు ప్రకటనే ఇవ్వకండి. తొందరగా ఉంటే పుంజును జాలీ గూట్లో పెట్టి పండుగ దాటించండి. కోళ్లను పోరాటానికి ఉసిగొల్పడం, అందుకు చోటు ఇవ్వడం జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 లోని 11వ సెక్షను కింద నేరం; కాలికి కత్తి కట్టినా కట్టకపోయినా నేరమే. కర్ణాటక తీరప్రాంతమైన కరావళిలో కోరి కట్ట పేరుతో జరిగే కోడిపందేలకూ ఇదే వర్తిస్తుంది. ఉచితంగా ఇవ్వకుండా నాటుకోడి మాంసానికి పలికే ధరైనా అడగడం కొంతవరకు వడపోతలా పనిచేస్తుంది, అయితే పందెగాడు ధరకు వెనకాడడు కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. మీరే స్వయంగా వెళ్లి చోటు చూసి దింపి రావడం కన్నా గట్టి జాగ్రత్త లేదు.

దాడి చేస్తుందని చెబితే ఎవరూ తీసుకోరు కదా, చెప్పకుండా ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. ఎప్పటి నుంచి, ఎవరి మీదికి, ఏ సందర్భంలో వస్తుంది, వెనక నుంచి తన్నుతుందా, పిల్లల మీదికి వెళ్లిందా అన్నవి విడమరచి చెప్పాలి. నోటితో చెప్పినదాన్ని మెసేజిలో కూడా రాసి పంపడం మంచిది. చెప్పాక తీసుకునేవారు దొరకకపోతే, ఆ పుంజుకు మనుషుల మధ్య చోటు లేదన్నదే మీకు దొరికిన జవాబు.

చెరువు గట్టు మీదో, గుడి దగ్గరో వదిలేస్తే?

ఆకలికీ దాహానికీ గురయ్యే పరిస్థితిలో జంతువును వదిలేయడం పైన చెప్పిన 1960 చట్టం కింద నేరమే. ఆచరణలో అది ఒక రాత్రి కూడా బతకదు, కుక్కలు పట్టేస్తాయి.

కోసుకోవడం తప్పా?

మాంసాహారుల ఇంట్లో ఇది తప్పు కాదని నా అభిప్రాయం. మనుషులను గాయపరిచే పుంజును ఇల్లిల్లూ తిప్పి, చివరికి ఏ పందెం బరిలోకో చేరనివ్వడం కన్నా, తెలిసిన చేతులతో నొప్పి తక్కువగా ముగించడం మెరుగు. ఇష్టం లేనివారిని బలవంతపెట్టే మాట కాదిది. శాకాహారుల ఇంట్లో పుంజును జీవితాంతం విడి గూట్లో ఉంచడానికి సిద్ధపడితే అదీ మంచి నిర్ణయమే, మంచి మేత ఉంటే అది అయిదారేళ్లో, ఇంకా ఎక్కువో బతకవచ్చునన్నది గుర్తుంచుకుని ఆ మాట ఇవ్వాలి.

కోసే ముందు రెండు సంగతులు. ఈమధ్య యాంటిబయాటిక్ వాడి ఉంటే, ఎన్ని రోజులు ఆగాలో పశువైద్యుణ్ణి అడిగి అన్ని రోజులూ ఆగండి. ఏడాది దాటిన పుంజు మాంసం గట్టిది; కుక్కరులో పెట్టి నెమ్మదిగా ఉడికించి పులుసు పెట్టుకోవలసిందే, వేపుడుకు లొంగదు.

ఈ పుంజును అమ్మవారికి మొక్కుకున్నాం. ఇంకొకరికి ఇవ్వవచ్చా?

మొక్కు సంగతి మీ ఇంటి పెద్దలు తేల్చుకోవలసినది. చాలా ఇళ్లలో దానికి బదులు ఇంకో పుంజును అనుకుంటారు, లేదా కొబ్బరికాయతో సరిపెడతారు. ఆలయ ప్రాంగణంలో బలి ఇవ్వడాన్ని కర్ణాటకలో 1959 నాటి చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1950 నాటి చట్టం నిషేధిస్తున్నాయి. మొక్కు పుంజు కదా అని పసిపిల్లల మధ్య వదిలి ఉంచడం మాత్రం ఏ పెద్దలూ ఒప్పుకోరు.

ఊరికి ఎలా తీసుకెళ్లాలి?

కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీయవద్దు. ఆ భంగిమలో దానికి ఊపిరి సరిగా ఆడదు, అలా మోయడం క్రూరత్వం కిందికే వస్తుంది. పుంజు నిలబడి తిరగగలిగేంత అట్టపెట్టెకు చుట్టూ రంధ్రాలు చేసి, అడుగున ఎండుగడ్డి పరిచి, లేదా వెదురు గంప మీద పలచటి గుడ్డ కట్టి తీసుకెళ్లండి. రాత్రి నిద్రలో ఉండగానే ఎత్తి పెట్టెలో పెడితే పెనుగులాట ఉండదు. తెల్లవారుజామున బయలుదేరితే చింతామణికైనా హిందూపురానికైనా ఎండ ముదరకముందే చేరతారు. కారు డిక్కీ వద్దు.

వెళ్లే ముందు కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా ఎప్పుడు వేశారో రాసి ఇవ్వండి. బర్డ్ ఫ్లూ వార్తలు ఉన్న రోజుల్లో ప్రయాణం వాయిదా వేయాలి: 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, ఆ తరువాత చిక్కబళ్లాపుర వైపు కూడా వ్యాధి బయటపడింది. అలాంటప్పుడు వ్యాధి సోకిన చోటు చుట్టూ 10 కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. కోళ్లను అటూ ఇటూ తిప్పడం మీకే కాదు, మొత్తం ఊరికే నష్టం.

పుంజు వెళ్లాక మిగిలిన కోళ్లలో ఏ మార్పులు వస్తాయి?

కొన్ని రోజులు పెట్టల మధ్య పొడుచుకోవడం ఎక్కువవుతుంది; పెద్ద పెట్ట ఒకటి పెత్తనం తీసుకున్నాక సద్దుమణుగుతుంది. అరుదుగా ఆ పెట్ట కూతలాంటిది కూయడానికి కూడా ప్రయత్నిస్తుంది, అపశకునమని కంగారుపడకండి. గద్దను చూసి హెచ్చరించే పుంజు లేదు కాబట్టి పైన వల కట్టించడం మంచిది.

పొదిగించే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. పుంజు వెళ్లాక కూడా రెండు మూడు వారాల పాటు పెట్ట కడుపులో దాని బీజం నిలిచి ఉంటుంది. ఈ దుడుకుతనం కొంతవరకు వంశంలో దిగుతుంది. అందువల్ల ఆ మూడు వారాల గుడ్లను వంటకు వాడుకుని, ఆ తరువాత వచ్చినవాటినే పొదగేయండి.

తీసుకున్నవారు నెల తిరగకుండానే వెనక్కి తీసుకెళ్లమంటే?

తీసుకురావాలి, ఆ మాట ఇచ్చేటప్పుడే చెప్పి ఉంచాలి. రాగానే పాత గుంపులో కలపవద్దు. వేరే కోళ్ల మధ్య ఉండి వచ్చింది కాబట్టి 30 రోజుల పాటు గాలి కూడా నేరుగా తగలనంత దూరంలో విడిగా ఉంచి, దాని మేత గిన్నె, నీళ్ల గిన్నె వేరుగా పెట్టి, ముందు మీ కోళ్లకు మేత వేశాకే దాని దగ్గరకు వెళ్లండి. ముక్కు కారడం, పచ్చటి రెట్ట, మెడ వంకర పోవడం వంటివి కనబడితే 1962 కు ఫోను చేసి పశువైద్యుణ్ణి అడగండి.